బోనులు వేసే రోజు

హలో… ఆ, ఆల్బన్, నేనే, వదినని. పడవ ఇంజన్ ఆపకు, వినపడుతోందిలే… ఆ, ఆసుపత్రి నుంచే. మీ అన్నయ్య పక్కనే ఉన్నా.

…పొద్దున్నే మళ్లీ ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. గుండెకి కాదు. ఈసారి పొట్టకి…

గుండె బ్రహ్మాండంగా ఉందిట. కొత్త కవాటం చక్కగా పనిచేస్తోందిట. డాక్టరమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పింది. రెండోసారి నాకు ఒళ్లు మండింది.

పేగులు, ఆల్బన్. గుండె దగ్గర్నుంచి చిన్న రక్తపు గడ్డ వెళ్లి, పేగులకి రక్తం పోయే దారికి అడ్డం పడిందట… ఏం తీస్తారు? తీస్తే ఇంక మిగిలేదేం లేదు. మొత్తం నల్లబడిపోయిందిట. చూసి, మళ్లీ కుట్టేశారు.

…సాయంత్రం దాకా ఉంటాడంటున్నారు. మహా అయితే రేపు పొద్దుటిదాకా.



…ముందే ఎందుకు కనిపెట్టలేదంటే ఏం చెప్పను? నర్సు రోజూ అడిగేది — నొప్పుందా, గ్యాస్ పోయిందా అని. మన రేవు మగాళ్ల సంగతి తెలుసుగా, వేలు తెగి పడినా ‘పర్లేదు’ అంటారు. ఆ పిల్ల ఎక్కడో టొరంటో నుంచొచ్చింది. పర్లేదంటే పర్లేదనే రాసుకుంది. గ్యాస్ కూడా పోయిందన్నాడు, అంటే పేగులు పనిచేస్తున్నట్టేనట. మూడు రోజులు! పొట్ట డోలులా బిగిసిపోయినా దుప్పటి కప్పుకుని కూచున్నాడు. అలా చెబితే లాబ్‌స్టర్ వేట సీజన్ మొదటి రోజుకి ఇంటికి పంపేస్తారని. అసలా అబద్ధం ఎవరు నేర్పారో గానీ—

…ఏంటి?

…నువ్వా.

…ఫోన్లో నేర్పావా? ఆ… నీ హెర్నియా ఆపరేషన్ అప్పుడు అలాగే చెప్పి బయటపడ్డావు…

ఏడవకు. ఒక్క నిమిషం. నన్నూ ఊపిరి తీసుకోనీ.

…

…లేదు, తిట్టను. తిట్టాలనే ఉంది. కానీ నువ్వు చెప్పకపోయినా అదే అనేవాడు. నలభై ఏళ్లుగా నాకూ అదే చెబుతున్నాడు, నేనూ నమ్ముతున్నా. మూడు రోజులూ పక్కనే కూచుని స్వెట్టర్ అల్లుకున్నాను గానీ, ఆ దుప్పటి ఎత్తి చూళ్లేదు. మరి నన్నెవరు తిట్టాలి?

…వద్దొద్దు, పడవ తిప్పకు. ఒడ్డుకొచ్చి, అక్కణ్ణుంచి నాలుగు గంటల దారి… విను. మీ అన్నయ్యకి మెలకువొచ్చింది. గొంతులో గొట్టం తీయగానే ఏమడిగాడో తెలుసా? లాబ్‌స్టర్ బోనులు సముద్రంలో వేశారా అని.

…ఇంకా ఎన్నున్నాయి డెక్కు మీద? సగమా? చాలు. ఫోను పడవ అంచు దగ్గర పెట్టు. బోను నీళ్లల్లో పడే చప్పుడు వినాలి తను. ముప్పై తొమ్మిదేళ్లలో బోనులు వేసే రోజున తను ఒడ్డున ఉండిపోవడం ఇదే మొదటిసారి.

…నువ్వేం తన దగ్గర తప్పు ఒప్పుకోనక్కర్లేదు. నీ మనసు తనకి తెలుసు. నువ్వు బోను తోయి, అంతే.

ఆగు… ఉల్రిక్. ఇదిగో, తమ్ముడు. నీ పడవ మీంచే… నొప్పిగా ఉందా? నిజం చెప్పు. ఇవాళైనా…

…

పర్లేదంటున్నాడు, ఆల్బన్.

…తోయి. ఫోను దిండు మీద పెడుతున్నా.