ఖంగుమన్న స్పీకర్లు

కుమ్మరి పైడమ్మకి కూతురు వాసంతి. ఆ పిల్ల పాట నేర్చుకుంటాది. ఎక్కడనుకున్నారు, ఇంట్లోనే, కంప్యూటర్ ముందు కూచుని. పంతులమ్మ విజయనగరంలో పాడితే ఈ పిల్ల ఇక్కడ అందుకోవాల. ఏమైందంటే, ఆ కంప్యూటర్లో గొంతు దోమ పాడినట్టు వచ్చేదంట. శ్రుతి వినపడదు, పిల్ల తప్పి పాడతాది. పంతులమ్మ విసిగిపోయి, శుక్రవారం ఒక్కసారి వింటాను, అప్పటికీ కుదరకపోతే ఇంక మానేద్దామమ్మా అనీసింది. పిల్ల అన్నం ముట్టలేదు. పైడమ్మ ఏం చేసింది? కుండలమ్మిన డబ్బు కొంగున ముడేసుకుని, స్పీకర్లు కొంటానని బస్సెక్కీసింది, అంతే.

ఆ డబ్బుకి కొట్లో రెండు రకాలే వచ్చాయంట. చెక్కపెట్టెల జతొకటి, రేకుపెట్టెల జతొకటి. కొట్టతను మంచోడే పాపం, "రెండిట్లోనూ పాట పెడతాను, విని తీసుకో పిన్నీ" అన్నాడు. వద్దంది. పాటదేముంది, ఎవరో పాడింది, మనం కొనేది పెట్టె కదా అనుకుంది. అనుకుని ఏం చేసిందో తెలుసా? వేలు మడిచి చెక్కపెట్టె మీద కొట్టింది. దబ్ మంది. రేకుపెట్టె మీద కొట్టింది. ఖంగుమంది. బుద్ధెరిగినప్పట్నుంచీ కుండ కొట్టి చూసిన చెయ్యి, ఊరుకుంటాదా? "ఇది బాగా కాలింది బాబూ. అది పచ్చిది, నాకొద్దు" అంది. "కాలడమేటి పిన్నీ, ఇవి కుండలు కాల్చే ఆవంలోంచి తీసినవా?" అన్నాడు. "నాకు చెప్తావేటి?" అంది. అతను రేకుపెట్టెల జత కట్టిచ్చీశాడు.

శుక్రవారం వచ్చింది. పంతులమ్మ 'సా' అంది. ఆ వెనకే రేకుపెట్టె కూడా ఝుయ్ మని తన 'సా' తాను అందుకుంది. ఆవిడ ఆపినా ఇది ఇంకో పిసరు పాడతాది. పిల్ల ఎవర్ని అందుకుంటాది చెప్పండి? "ఏటే అమ్మా, ఇందులో ఇద్దరు పాడతన్నారు" అని కళ్లనీళ్లెట్టుకుంది. పైడమ్మ కంగారులో ఒక్కో పెట్టె మీదా ఒక్కో చెయ్యీ వేసి అదిమీసింది. మోత చచ్చింది. పంతులమ్మ గొంతొక్కటే నిలిచింది. పిల్ల అందుకుంది, ముందు ఒణికింది, తర్వాత కుదిరింది. పంతులమ్మ విని, "రేపు కూడా పాడదాం, తల్లీ" అంది.

అయిపోయిందనుకున్నారా? ఎక్కడవుతాది! రోజూ పాఠమైనంతసేపూ పైడమ్మ అక్కడే, రెండు చేతులూ పెట్టెల మీదే. ముక్కు దురదెడితే భుజానికి రాసుకోవాల. పొయ్యి మీద కూర మాడితే వాసన చూస్తా కూచోవాల. పక్కింటి సత్తెమ్మ తొంగి చూసి, "ఏటొదినా, పెట్టెల్ని దీవిస్తన్నావా?" అందంట. "మంచి సరుకు కొన్నానొదినా, వదిల్తే అదే పాడీస్తాది" అందంట. కుండన్నది పలకాల, పెట్టెన్నది ఊరుకోవాల. ఇప్పుడు తెలిసింది పైడమ్మకి. నెత్తి కొట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు.