ఆంప్లిఫయర్ గుయ్‌మన్న ఆదివారం

హలో… ఆ, నేనేనమ్మా అలేఖ్యా… జ్ఞానానందం మావయ్యని. వందనాలు.

…

పెట్టెయ్యకు తల్లీ, ఒక్క నిమిషం. మందిరంలోంచే మాట్లాడుతున్నా… ఆ, రేపల్లెలోనే, ఇంకెక్కడుంటా.

నీకు ఫోన్ చెయ్యడానికి నాకు మొహం లేదు. పోయిన ఆదివారం అన్ని మాటలన్నాక… కానీ నిన్ను కాక ఎవర్నడగను? మీ నాన్న మందిరానికిచ్చి పోయిన గాజు వాల్వుల ఆంప్లిఫయర్… మళ్ళీ గుయ్‌మంటోంది.

—అదే. స్విచ్చేశాక కాసేపు ఏమీ ఉండదు. వాల్వులు ఎర్రబడతాయి చూడు, అప్పుడు అందుకుంటుంది. ఇవాళ బాపట్ల నుంచి పాస్టరయ్యగారు కూడా వస్తున్నారు…

…లేదమ్మా, ఇవాళ నువ్వు ముట్టుకోలేదు. అయినా వస్తోంది.

…అవును, ఒప్పుకుంటున్నాగా. నువ్వు ముట్టుకోకపోయినా వస్తోంది. ఏం చెయ్యమంటావో చెప్పు.

నువ్వు వాయించే మందిరం గిటారు వైరు పీకాలా? ఆంప్లిఫయర్ పెట్టె వైపుదా? ఉండు… పీకా.

…

ఆగిపోయింది.

అంటే? …పెట్టె బాగానే ఉందా? మరి నువ్వే పాడుచేశావన్నానే…

ఆ… మళ్ళీ గుచ్చా. వచ్చేసింది మోత. గిటారు మెడలో వేసుకోవాలా? నేనా? పాడటమే గానీ వాయించడం రాదే నాకు… సరే, వేసుకున్నా. చుట్టూ తిరగాలా? అందరూ చూస్తున్నారమ్మా… తిరుగుతున్నా, తిరుగుతున్నా.

గుమ్మం వైపు… తగ్గింది. కిటికీ వైపు… కొంచెం ఉంది. గోడ వైపు… అబ్బో, చెవులు పగిలిపోతున్నాయి!

—ప్రసంగ పీఠం వెనక గోడమ్మా. అక్కడేముంది, శిలువేగా.

…ఆ, వెలిగేదే. ట్యూబులైట్లది. పోయిన శనివారం సాయంత్రం బిగించారు. ఆదివారం ఆరాధనకే మొదటిసారి వేశాం…

…

కాదులే అలేఖ్యా. అది మా నాన్న జ్ఞాపకార్థం మేమిచ్చింది. కింద పేరు కూడా రాయించా. దానికేం రోగం?

ఆపాలా? ఆరాధనకి ముందు శిలువ ఆర్పడమేంటమ్మా, జనం ఏమనుకుంటారు! …సరే, కోప్పడకు. ఆర్పుతున్నా.

…

…

ఉన్నావా?

లేదమ్మా. మోత లేదు. చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది.

—చోకులా? పాతవే. మా అటక మీద లావుపాటివి పడున్నాయి, కొత్తవెందుకు దండగని నేనే పెట్టించా. …వాటి మోతేనా గిటారులోకి ఎక్కేది?

…ఆ. అవును. ఆ పొద్దున ప్రాక్టీసప్పుడు శిలువ వెయ్యలేదు. ఆరాధనకే వేశాం. అందుకే ప్రాక్టీసులో మోత రాలేదు.

…

సిగ్గుగా ఉందమ్మా. మా ఇంటి పేరు గోడ మీద వెలగాలని నేను పెట్టించిన లైట్లు… వాటికి నిన్ను దోషిని చేశా. తండ్రి పెట్టెని కూతురే తగలేసిందన్నా. అదీ మైకులో. ఎదురుగా మీ అమ్మ. తలొంచేసుకుంది పాపం. చూశాను కూడా. చూసి కూడా ఆపలేదు, ఇంకో రెండు మాటలన్నా.

…

ఎక్కడున్నావిప్పుడు? బస్టాండా? …తెనాలి మందిరంలో వాయించమన్నారా? మంచిదే, వెళ్ళు తల్లీ. రమ్మని అడిగే మొహం కూడా లేదు నాకు.

—ఇప్పుడు నీ చెవిలో క్షమించమంటే ఏం లాభమమ్మా? నేను తిట్టింది నీ చెవిలో కాదుగా.

…ఆ, వచ్చింది మీ అమ్మ. వెనక తలుపు పక్కన కూర్చుంది. ఎప్పుడూ కూర్చునే చోటికి రాలేదు.

ఫోన్ కట్ చెయ్యకు. మైకు పక్కన పెడుతున్నా.

—వద్దనకు. నువ్వు వద్దంటే ఇదే సందని మానేస్తా. నన్ను నేనెరుగుదును.

పెడుతున్నా…

సంఘమా, వందనాలు. ఆరాధనకి ముందు ఒక్క మాట. దీప్తి చెల్లెమ్మా… ఒకసారి ఇటు చూడమ్మా. ఆంప్లిఫయర్ పాడవలేదు. నీ కూతురు ఏ తప్పూ చెయ్యలేదు. ఆ మోత నేనిచ్చిన లైట్లది. పోయిన ఆదివారం మీ అందరి ముందూ ఆ పిల్లని అన్న మాటలు… తప్పు నాది.