తిన్నావా అని అడిగేవాడు

ఆండర్సన్‌పేటకు తిరిగొచ్చే ఫ్యాక్టరీ బస్సులో, నా ముందు సీటులో ఒక అమ్మాయి, తల నెరిసిన ఒకాయన మాట్లాడుకుంటున్నారు.

"పక్క లైన్‌లో చోటు ఉండాదంటన్నా. రేపే మారిపోదాం. ఆ టీమ్ లీడర్ కింద ఇంగ నావల్ల కాదు."

"నువ్వు పోమ్మా. నేను ఈడే ఉంటాను."

"నీళ్లు తాగేదానికి కూడా చెయ్యెత్తి అడగల్ల. బాత్రూమ్‌కి పోయొస్తే ఈపొద్దు అందరి ముందర నిన్ను అరిచినాడే! నీ కొడుకు వయసుండాది వానికి."

"అరిచినాడు."

"ఇంటికి పోయినా వదలడు. దినామూ ఫోన్ చేసి తిన్నావా, పండుకున్నావా, రేపు లేటయితే చూడు అంటాడు."

"అందుకేనమ్మా."

"అందుకేనంటే?"

"మీ వదిన పోయినాక, తిన్నావా అని అడిగేది వాడొక్కడే."

"ఏమన్నా నువ్వు! వానికి నీమీద ప్రేమనుకున్నావా? పొద్దున నువ్వు రాకుంటే మిషన్ ఆగిపోతాదని భయం."

"తెలుసు. అయినా ఇంట్లో ఫోన్ మోగుతాది కదమ్మా."

ఆ అమ్మాయి సంచిలోంచి తన ఫోన్ తీసింది.

"నేను అడుగుతానన్నా. దినామూ ఫోన్ చేస్తాను. నువ్వు లైన్ మారు."

"ఎన్ని గంటలకి చేస్తావమ్మా?"