పదకొండో మంగళారం

హలో… హలో, ఆఁ… నేనేరా తమ్మీ, సత్యక్కనే. నా ఫోను ఇంకెవరెత్తుతరు?

…లేదు లేదు, చెప్పు. ఇయ్యాల ఇంటి నుంచే పని. మీటింగున్నది గని మ్యూటుల పెట్టిన. మా మేనేజరు మాట్లాడుతనే ఉంటడు, వినకున్నా నడుస్తది.

నీకిప్పుడు పొద్దున ఎనిమిది కద?… మాకు రెండు. నేనే చేద్దామనుకున్న నీకు. మంగళారమాయె. పదకొండోది, ఆఖరుది. మా మరదలు నిఖిలకు చెప్పు, ఇయ్యాల కోతులకు డజను అరటిపండ్లతోని ఆపొద్దు, రెండు డజన్లు పెట్టమను. నా పేరు కాదు, నా కొడుకు పేరు చెప్పాలె, అభిరామ్ అని చెప్పి—

ఏంది?

…పెట్టదా? ఎందుకు పెట్టది?… ఒంట్ల బాగలేదా?… మరి?… శ్రీనాథ్, సక్కగ చెప్పు.

కోతి కరిచిందా? ఎవర్ని?

…అయ్యో. లెరాటో అంటే… నువ్వు పనిచేసే తోటల నారింజలు తెంపుతదని చెప్పినవ్, ఆమెనా?… ఆమె బిడ్డను. ఎన్నేండ్లు పిల్లకు?… ఏడేండ్లా.

ఎట్ల కరిచింది?… బడికి పోతుంటె… చేతుల టిఫిన్ డబ్బా గుంజిందా. ఇడవలేదా పిల్ల?… ఎట్ల ఇడుస్తది లే, అండ్ల దాని తిండున్నది. …ఎన్ని కుట్లు?… పద్నాలుగు. …మోచేతి కింద. వేళ్లు కదులుతున్నయా?… సూడాలన్నరా. శుక్రవారం జరిగిందాన్ని మంగళారం చెప్తున్నవ్ నాకు.

ఒరేయ్, ఒకటి అడుగుత, కోపానికి రాకు. మనం పండ్లు పెడ్తున్న గుంపేనా అది? మీ కొండల వేరేయి గూడ ఉంటయ్ కద… …ఎట్ల గుర్తుపట్టిన్రు?… చెవి చినిగినదా. నిఖిల చేతిలకెళ్లి అరటిపండు తీసుకుంటున్నదని ఫొటో పంపినవే, అదేనా?

…ఆఁ. సూసిన. మా ఆఫీసుల గూడ అందరికి సూపెట్టిన. మా మొక్కు అంజన్న ఎట్ల అందుకుంటుండో సూడున్రి అని.

…అట్లనకు తమ్మీ. కావాలని చేయించిన్నా? నీకు తెల్వదా నా బాధ? అభిగాడు డెంగీతోని ఐసీయూల పడ్డడు. పొద్దుకు ఒక లెక్క, మాపుకు ఒక లెక్క, ప్లేట్‌లెట్లు పడిపోతనే ఉన్నయ్. మీ బావ కారిడార్ల గోడ దిక్కు మొఖం పెట్టి ఏడుస్తున్నడు. అప్పుడు మొక్కిన. కొండగట్టు అంజన్నా, పదకొండు మంగళారాలు నీ వానరాలకు నా చేత్తోని పండ్లు పెడ్త, నా కొడుకును నాకియ్యి అని. ఇచ్చిండు కద?

అవును, నా చేత్తోని అనే మొక్కిన. పోయిన గూడ. మొదటి మంగళారమే ఇక్కడ బుకిట్ బటోక్ పార్కు కాడ ఆఫీసరు పట్టుకున్నడు. ఈ ఊర్ల కోతికి పండు పెడితె ఫైను. మంచిగనే చెప్పిండు పాపం. ఆంటీ, మీరు పెడితె అవి మనుషులంటె భయం మరిచిపోతయ్, రేపు పిల్లల చేతుల్ల కవర్లు గుంజుతయ్, ఆఖరుకు వాటిని చంపాల్సొస్తది అన్నడు.

…ఆఁ. అన్నడు.

…చెప్పిండురా. నేను విన్న. విని, ఇంటికొచ్చి నీకు ఫోను చేసిన.

…తెలిసే చేసిన. అక్కడ అడివే కద, ఎవరడుగుతరు అనుకున్న. నువ్వు చెప్తనే ఉన్నవ్, అది కోతి కాదక్కా, బబూన్ అంటరు, కుక్కమూతి ఉంటది, ఈ పొడుగు కోరలుంటయ్ అని. పేరేదైతేంది, అంజన్నోళ్లే కద అని నీ నోరు మూయించిన. నిఖిల కొత్తగొచ్చిన పిల్ల, ఆడబిడ్డ మాట కాదనలేక పెట్టింది.

…తిట్టరాదు నన్ను?

వేటగాడా?… తోట ఓనర్ పిలిపించిండా. …పర్మిట్ గూడ తెచ్చిన్రా. అంటే అంతా పద్ధతి ప్రకారమే. …ఎన్నింటిని?

గుంపు మొత్తమా! నలభై ఉంటయంటివి! కరిచింది ఒక్కటే కదరా!

…ఆఁ… ఆఁ… అన్ని మరిగినయని. మంగళారం మనం పెడ్తున్నం, మిగిలిన రోజులు అవే ఎతుక్కుంటున్నయ్. …కూలోళ్ల ఇండ్లల్లకు గూడ జొరవడుతున్నయా? నాకెన్నడు చెప్పలే నువ్వు. …నేను బాధపడ్తనని చెప్పలేదా. మంచిగున్నది. …అవును, ఓనర్ మాటల తప్పు పట్టెటట్టు లేదు. ఇయ్యాల ఈ పిల్ల, రేపు ఇంకో పిల్ల.

మరి మూడు రోజులసంది వాడు ఏం జేస్తున్నడు?… దొరుకుతలేవా. …వాని తెల్ల పికప్ బండి కనవడంగనే కావలి కాసేది మొరుగుతదా. మగమనిషి అడుగు పెడితె సాలు, కొండ ఎక్కుతయా. …ఆడోళ్లకు భయపడయా?… మంచిగనే కనిపెట్టినయ్.

ఇయ్యాల దిగుతయా? ఇయ్యాలనే ఎందుకు—

…శ్రీనాథ్. మళ్ల చెప్పు.

…నిఖిల ఎర్ర చున్నీ ఏసుకొని, పండ్ల గంప పట్టుకొని, ఎప్పటి లెక్కనే పోవాలె. అవి సూసి కొండ దిగుతయ్. వాడు నీళ్ల ట్యాంకు ఎనుక తుపాకి పెట్టుకొని… సాలు. ఇగ చెప్పకు.

ఎవరు చెప్పిన్రు వానికి మంగళారం సంగతి?… లెరాటోనా. …చెప్పదా మరి. దాని బిడ్డ చెయ్యి అది. నేనైనా చెప్తుంటి.

నిఖిల ఏమన్నది?… తలుపేసుకున్నదా. మంచిపని చేసింది.

ఏందిరా ఆ సప్పుడు? ఏం కట్టుకుంటున్నవ్?… ఏం చున్నీ?

ఒరేయ్! నువ్వా? నువ్వు నిఖిల చున్నీ కప్పుకొని, మీసాలు పెట్టుకొని, గంపెత్తుకొని… …నవ్వుతలేను. నాకెక్కడ నవ్వొస్తదిరా.

తియ్. తియ్ ముందు దాన్ని. …ఉద్యోగం పోతదా? పోతె పోనీ అని ఇక్కడ ఫ్లాటుల ఏసీ కింద కూసొని నేనెన్నన్నా అంట. అంటలేను. నీ తప్పు లేదు. మీ ఓనర్‌ది లేదు. ఆ పిల్లది అసలే లేదు. తప్పు నాది. గని పిలిచి చంపుడేందిరా? నా కొడుకు పేరు చెప్పుకుంట పెట్టిన పండు అది! అదే పండు సూపెట్టి చంపుతరా? నమ్మి వస్తయ్రా అవి!

—అభీ, నువ్వు లోపలికి పో బేటా. …నథింగ్, మామయ్య ఫోన్. …ఏడుస్తలేను. పో, ఆడుకో పో.

…నీతోని కాదు, వాడొచ్చిండు. సెలవులు కద, ఇంట్లనే ఉన్నడు. …వానికేం తెల్వదు. మొక్కు సంగతి చెప్పలే. సెలైన్లతోని తగ్గిందనుకుంటున్నడు, అనుకోనీ.

ఎంతసేపట్ల దిగుతయ్?… పది నిమిషాలు. నిఖిలకియ్యి ఫోను. …తలుపు కొట్టు. వదిన లైన్ల ఉన్నదని చెప్పు. …తెరిచేదాంక కొట్టు!

హలో, బిడ్డా. …ఏడువకు. ఏడువకు, టైం లేదు మనకు. నా మాట విను. నువ్వు బయటికి పోవాలె.

…ఆగు, మొత్తం విను! పండ్లతోని కాదు. గంప ముట్టకు. ఎర్ర చున్నీ ఏస్కో, అవి నిన్ను గుర్తుపట్టాలె. స్టీలు పళ్లెం ఒకటి, గంటె ఒకటి తీస్కో. కంకర రాళ్లు చున్నీల ఏస్కో. …ఆఁ, రాళ్లే. కొట్టు వాటిని.

…తెలుసు. నీ చేత్తోనే కొట్టాలె బిడ్డా, ఇంకెవరు కొట్టినా లాభం లేదు. పండు పెట్టిన చెయ్యి రాయి ఇసిరితెనే వాటికి మనుషులంటె భయం మళ్ల పుడ్తది. భయపడితె ఈ దిక్కు రావు. రాకపోతె చావవు. ఆ పిల్లలు నిమ్మలంగ బడికి పోతరు.

…పాపమా? నాకు రానీ, నీకెందుకొస్తది. పదకొండో మంగళారం నా మొక్కు ఇదే అనుకో. అంజన్నకు నేను చెప్పుకుంట.

కాల్చడు. నువ్వు నడుమ ఉన్నంతసేపు కాల్చడు. శ్రీనాథ్‌ను ట్యాంకు కాడికి పొమ్మను, నా పెండ్లామున్నది ఆగు అని వాని మొఖం మీదనే చెప్పమను. …చెప్పినవా? ఉరుకుతుండా? మంచిది. నువ్వు ట్యాంకుకు, వాటికి నడుమ నిలవడు. పక్కకు జరగకు. ఫోను కట్ చెయ్యకు, స్పీకరు పెట్టి జేబుల ఏస్కో.

పో బిడ్డా.

…

…వినొస్తున్నది. గట్టిగ కొట్టు పళ్లెం. ఇంకా!… వచ్చినయా? ఎంత దూరమున్నయ్?… నిన్ను సూసి కూసున్నయా. …అరువు! ఇసురు ముందు, అవి దగ్గరికి రాకముందే ఇసురు!

…తగిలిందా? ఎవరికి?… చెవి చినిగినదానికా. …పోతుందా? తరుము దాన్ని!… పిల్లల్ని ఎత్తుకొని ఉరుకుతున్నయా. …నాకు గూడ వినొస్తున్నది అరుపు. …ఇసురు. ఏడుచుకుంటనే ఇసురు. ఇంకోటి. ఇంకోటి.

…పోయినయా? అన్ని?

…హమ్మ. అంజన్నా. …మంచిదానివి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత— ఏంది?

ఒకటి పోతలేదా?… ఏది?… బోసినోటి ముసలిదా. తినలేదని నువ్వు పండు ఒలిచి, తుంచి పెడ్తవంటివి, అదా. …నీ కాళ్ల కాడికే వచ్చిందా. …కొట్టు. కండ్లు మూసుకొని కొట్టు. …కొట్టినవా? ఏం జేసింది?

…రాయిని ఎత్తి మూతి కాడ పెట్టుకున్నదా.

…పక్కన పెట్టి, మళ్ల చెయ్యి చాపిందా.

…సరే. సరే, సాలు. నీతోని కాదు. ఎవరితోని అయితది. ఇడిచిపెట్టు దాన్ని. నోట్లె ఒక్క పన్ను లేదు, అదెవర్ని కరుస్తది. గుంపు పోయింది కద, అదే లేచి పోతది. నువ్వు వచ్చేయ్. ఎనుకకు తిరుగు, మెల్లగ ఇంట్లకు నడువు. …నడుస్తున్నవా? ఆఁ, అట్ల. రా బిడ్డా, రా—

ఏం సప్పుడది?

నిఖిలా! …నిఖిలా, పళ్లెం కింద పడ్డదా? మాట్లాడు! …నీకేం గాలేదు కద? ఎవరన్న మాట్లాడున్రి!

…ఆఁ, శ్రీనాథ్. నిఖిల?… కింద కూసున్నది. దెబ్బేం తాకలేదు కద?… సరే. …సరే.

…

…నువ్వు ఆగుమన్నవా వాణ్ని?… అన్నవ్. …వాడు ఆగిండు. ఆమె పక్కకు జరిగేదాంక ఆగిండు. …అంతే కద, వాని పని అది.

ఆ ముసలిదొక్కటేనా?… ఒక్కటే.

…నిఖిలను ఏమనకు. నేను రమ్మన్నరా. జరగకని నేనే చెప్పిన, మళ్ల వచ్చేయ్ అని నేనే అన్న. ఆ పది అడుగులు నేనే నడిపించిన దాన్ని.

…ఇగ రావంటుండా వాడు?… పండు తిన్న జాగల చావు సూసినయ్, ఏండ్లు గుర్తుంటదంటుండా. మిగిలినయి బతికినట్టేనా?… ఓనర్‌కు గూడ అదే చెప్తడా. సరే. లెక్కకు మంచిదే, అట్లనే చెప్పమను.

సాయంత్రం నువ్వు లెరాటో ఇంటికి పో. మొక్కు నాదని చెప్పు. నిఖిలదని కాదు, సింగపూర్ల మా అక్క ఉన్నది, ఆమె చేయించిందని చెప్పు. తిడితె తిట్టనీ. పిల్ల చెయ్యి ఎట్లున్నదో రోజూ నాకు చెప్పాలె. …దాచకు ఇగ. బాధపడ్తనని దాచకు.

నిఖిలకియ్యి. …మాట్లాడకున్నా సరే, చెవి కాడ పెట్టు.

బిడ్డా. …వింటున్న, మెల్లగ చెప్పు. …మొక్కా?

…తీరిందా అని అడుగుతున్నవా నన్ను.

…తీరింది అంటె నీకు నిమ్మలమైతదని తెలుసు. నాకు గూడ అందామనే ఉన్నది, నాలిక మీదికొచ్చింది. …తీరలేదే. దేవుని పేరు మీద పెట్టి, నమ్మించి, అన్నిట్ల అమాయకమైనదాన్ని చంపుకున్నం. తీరిందని ఎట్ల అంట?

ఆగు జెర.

—అభీ, ఎప్పటిసంది నిలవడ్డవ్ ఇక్కడ?… హూ డైడ్ అంటవా. …ఎవరు చచ్చిపోయిన్రా…

…లేదు నిఖిలా, ఏదో ఒకటి చెప్పి పంపను వీణ్ని. వీని పేరు మీదనే చచ్చింది, వీనికి తెల్వాలె. ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వదు. …పెడ్తున్న.

అభీ, ఇటు రా బేటా. ఇక్కడ కూసో.