చివరి మాట నాదే

ఇంగ్లండులోని స్కార్‌బరోలో ఒక పాత నాటకశాల. సాయంత్రం తెర లేస్తుందనగా, నటుడూ దర్శకుడూ తానే అయిన పెద్దాయనా, పక్క తెర చాటునుంచి మాటలందించే ఆవిడా ఖాళీ వేదికమీద మిగిలారు.

"ఆపేశారేం గురువుగారూ? చివరి మాట ఉండిపోయింది."

"జనం ముందు తప్ప చివరి మాట పలకకూడదు తల్లీ. రిహార్సల్లో పలికితే నాటకం మునుగుతుంది."

"పోయినేడు పలికారుగా."

"పోయినేడు మునిగిందిగా. అయినా ఈ నాటకశాలలో చివరి మాట ఎప్పుడూ నాదే."

"ఆ చివరి మాటే అడుగుతున్నాను."

"ముందు కాస్త టీ పొయ్యి."

"ఇందాక తలుపు వదిలేసి కిటికీలోంచి వెళ్ళబోయారు."

"దర్శకుడు వెళ్ళమన్నాడు."

"దర్శకుడు మీరే."

"అందుకే ఎదురు చెప్పలేకపోయాను."

"నలభై ఏళ్ళు పేపర్లన్నీ మరపురాని నటుడని రాశాయి. ఇప్పుడేమిటి, మరపు వచ్చిందా?"

"టీలో చక్కెర ఎక్కువైంది."

"ఇంకా పొయ్యలేదండీ. ఆ పాత్ర మన కుర్ర నటుడు డెస్మండ్‌కి ఇచ్చెయ్యండి. మీరు డైరెక్షన్ చూసుకోండి."

"వాడికిచ్చే పాత్ర ఒకటే, టీ పాత్ర. వాడు ఏడిస్తే జనం నవ్వుతారు."

"మీరు మరిచిపోతే కూడా నవ్వుతారు. నాకది చూడాలని లేదు."

"టీ ఏది తల్లీ?"

"గుర్తుందా, లేదా? ఒక్క మాట చెప్పండి."

"నువ్వే చెప్పు. నువ్వు పలికితే అపశకునం కాదులే."

"'దారి నాకు తెలుసు, మీరు వెళ్ళండి.'"

"బాగుంది. ఈ మాట ఎవరంటారు?"