మగ్గం గుంత

దసరా మరునాడు పొద్దున, ఆదోనిలో ఒక ఆసుపత్రి వరండా. లోపల ఐదేళ్ల పల్లవి తలకు కుట్లు పడుతున్నాయి. బయట తండ్రి బసవరాజు, కబురు తెలిసి ఎమ్మిగనూరు నుంచి పరుగున వచ్చిన తల్లి నాగవేణి. గాయాలు రాసుకునే పోలీసాయన గది ఆ పక్కనే.

"...అదే సెప్తాండా. ఆ పోలీసాయన అడిగితే మన ఇంట్లో మగ్గం గుంతలో పడిందని సెప్పు. అంతే."

"యాడి గుంత? పాప మూడు దినాలనుంచి మీ యమ్మ కాడ ఉండె, ఇంట్లోనే లేదు కదా."

"సిన్నగా మాట్లాడు."

"దేవరగట్టుకు ఎత్తుకపోతివి. దసరా రాత్రి కర్రలతో కొట్టుకునే కాడికి..."

"దేవున్ని సూపిద్దామని భుజాన కూసోబెట్టుకోని ఓ పక్కన నిలబడితి. జనం తోసినారు."

"తాగినావా?"

"పండగ కదే."

"తాగినావా అంటే పండగ అంటావు. దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"ఆడ గడియారం ఎవుడు సూస్తాడు?"

"ఎప్పుడప్పా?"

"రెండు గంటలప్పుడేమో. బండారు పూసి పండబెడితి. మా ఊర్లో అందరూ అంతే. స్వామి కాడ తగిలిన దెబ్బకు ఆసుపత్రికి పోతారా ఎవురన్నా?"

"ఇనుప కట్టు కర్ర తగిలి బిడ్డ తల పగిలితే పసుపు పూసి పండబెడ్తివా! తెల్లారిందాకా నెత్తురు కారనిస్తివా!"

"ఎత్తుకొచ్చినా కదా! మా యమ్మ ఏమనిందో తెలుసా? ఎంత మనసురా నీది, బిడ్డనెత్తుకోని రోడ్డు దాకా పరిగెత్తినావని ఏడ్సింది."

"ఐదేండ్లు నేనెత్తుకున్నా. ఎవురూ ఏడ్వలా."

"ఇదిగో, ఈ నోరే నీకు..."

"ఆషాఢంలో నోరు తెరవకముందే కొడితివి కదా. నేను మగ్గం మీద పోగులు అతుకుతాంటే పాప మోకాలు గీసుకుందని. గోరంత గాయం. తల్లివేనా నువ్వు అని కట్టె తీసుకోని..."

"నేనొక్కన్నే అన్నానా? వీధంతా అనలేదా, తల్లి సూసుకోవద్దా అని?"

"సెయ్యి ఇరగ్గొట్టింది వీధి కాదు."

"సూడు. నా పేరు రాస్తే కేసయితది. తాగి బిడ్డను తీసకపోయినాడని లోపలేస్తారు. నువ్వయితే ఏం కాదు. పనిలో పడి సూసుకోలేదనుకుంటారు, నాలుగు తిట్లు తిడతారు. తల్లన్నాక పడాల."

"నేనే పడాల."

"ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం."

"ఇంటికి పోయినంక నువ్వెట్ల మాట్లాడతావో ఈ సేతికి తెలుసు."

"నాగవేణీ! మాట తేడా వచ్చిందంటే రెండో సెయ్యి గూడా మిగలదు. పాపను మా యమ్మ కాడ ఇడిసిపెడతా. మళ్ల దాని మొగం సూడవు."

"పల్లవి తల్లి ఎవరమ్మా? ఇట్ల రా. పాప కళ్లు తెరిచింది, నిన్నే అడుగుతాంది. ముందు ఈ పోలీసు పుస్తకంలో రాయించి పో. దెబ్బ ఎట్ల తగిలింది?"

"మగ్గం గుంత సార్. ఈమె సూసుకోలేదు, పడింది."

"నిన్ను అడగలేదప్పా. ఏమమ్మా, ఏం తల్లివి నువ్వు? ఆగాగు... ఆషాఢంలో చెయ్యి విరిగి వచ్చింది నువ్వే కదా? గుంతలో పడినానంటివి, నేనే రాసుకుంటి. నువ్వు పడి, ఇప్పుడు బిడ్డను గూడా పడేస్తివా?"

"ఆషాఢంలో రాసిన పుస్తకం గూడా తీయండి సార్. ఆ గుంతలో నా బిడ్డా పడలేదు, నేనూ పడలేదు. ముందు నా సెయ్యి రాసుకోండి."