పడవలో పళ్లెం

ఇన్ని బోన్లు పెట్టినా ఎలుకలు ఎందుకు ఆగడం లేదో తవిటయ్యకు తెలుసు, తెలిసీ రోజూ ఇంకో బోను కొంటూనే ఉన్నాడు. చేపల వేట నిషేధానికి ఒడ్డుకెక్కించిన పడవలోకి ఆ సాయంత్రం అతని భార్య తమ్ముడు తొంగి చూశాడు.

“బావా, ఎలకలు రాక ఏటి సేత్తాయి? పళ్లెంలో అన్నం, నెత్తళ్ల పులుసు! ఎవులెట్టినారు?”

“మీ అప్ప.”

“గట్టెక్కించిన పడవలో ఒక్క మెతుకు వొగ్గకూడదని ఊరందరికీ సెప్పేది నువ్వే గదా!”

“మా పెద్దోడు సంద్రంలో ములిగిపోయిన కాడ్నుంచీ రోజూ అన్నం ఎడతంది. శవం దొరకలేదు గదా. ఆకలేసి వత్తాడంట.”

“ఆడెక్కడ తింటాడు బావా, ఎలకలు తింటన్నాయి.”

“పొద్దున్నొచ్చి పళ్లెం ఖాళీగా సూత్తాది. ఆడు తిన్నాడని ఇంటికెల్లి రెండు ముద్దలు తింటాది. లేపోతే తినదు.”

“పది రోజుల్లో వేట. పడవలో వల సగం కొరికేసినాయి. నాను ఇయాలే అప్పకి సెప్పేత్తాను.”

“సెప్పకు.”

“మరి వల?”

తవిటయ్య బోను పక్కకు జరిపి కూర్చున్నాడు. పళ్లెం ఒళ్లోకి తీసుకుని, పులుసు కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.